పట్నం తగలబడితే కుర్చీ ఎవరికి, పాడె ఎవరికి?



పోయిన వారం పోస్టు కింద ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, దరఖాస్తులు పెట్టి పెట్టి చెప్పులు అరిగిపోయినయ్. హైదరాబాదులో నాలుగు బస్సులు తగలబడితే తప్ప ఈ ప్రభుత్వాలు వినవు. చరిత్ర కూడా అదే చెప్తుంది కదా?" మంచి ప్రశ్న. దీన్ని నీతులు చెప్పి దాటేయకూడదు. చరిత్ర ఏం చెప్తుందో వరుసగా చూద్దాం.

అశ్వారావుపేటలో కూర్చున్నోడికి హైదరాబాదు అల్లర్లతో పనేంటని అనుకోవద్దు. 1969లో ఆ నగరాన్ని నెలల తరబడి కుదిపేసిన ఉద్యమానికి నిప్పురవ్వ రాజుకున్నది మన పక్కనున్న పాల్వంచలో. కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్ గేటు ముందు. మన జిల్లా అడిగిన ప్రశ్నకు జవాబు రాజధానిలో తూటా రూపంలో వచ్చింది. కాబట్టి ఆ చరిత్ర మనది కూడా.

ఒక్కో ఘటన దగ్గర మూడే ప్రశ్నలు వేసుకుందాం. మంట ఎక్కడ పుట్టింది? చచ్చిందెవరు? లాభపడిందెవరు?

ముందు 1857. జులై 17న హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి జరిగింది. తర్వాతి కాలంలో కోఠి మహిళా కళాశాల నడిచిన భవనమే ఆ రెసిడెన్సీ. కంపెనీ సైన్యంలో తిరగబడి నగరానికి వచ్చిన జమేదార్ చీదా ఖాన్‌ను, అతని తోటివాళ్లను నిజాం దివాన్ సాలార్ జంగ్ పట్టించి బ్రిటిష్ వాళ్లకు అప్పగించాడు. వాళ్లను విడిపించాలని తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కొన్ని వందల మంది రోహిల్లాలతో రెసిడెన్సీ మీదకు పోయారు. తెల్లారేసరికి ఫిరంగుల ముందు ఓడిపోయారు. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడి, జైలు నుంచి తప్పించుకుని, 1859లో చంపబడ్డాడు. శవాన్ని జనానికి కనపడేలా వేలాడదీశారు. మౌల్వీని అండమాన్‌కు పంపారు. మరి సాలార్ జంగ్? బ్రిటిష్ వాళ్ల నమ్మకం సంపాదించి 1883లో చనిపోయేదాకా దివాన్‌గానే ఉన్నాడు. రోడ్డెక్కినోడికి ఉరికొయ్య, అప్పగించినోడికి కుర్చీ. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మళ్లీ వస్తుంది.

తర్వాత 1952. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. ఎన్నికలు జరిగి కొన్ని నెలలే అయింది. వరంగల్‌లో విద్యాశాఖ నియామకాల్లో ముల్కీలు కానివాళ్లను తెచ్చి పెడుతున్నారని విద్యార్థులు రోడ్డెక్కారు. అక్కడి నుంచి సెగ నగరానికి తగిలింది. సెప్టెంబర్ మొదటి వారంలో సిటీ కాలేజీ, పత్తర్‌గట్టి ప్రాంతాల్లో పోలీసులు కాల్పులు జరిపారు. విద్యార్థులు, దారిన పోయేవాళ్లు చనిపోయారు. జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ కమిషన్ వేశారు. నాలుగేళ్లు దాటాక, 1956 నవంబర్ 1న, రెండు ప్రాంతాలను కలిపి ఆంధ్రప్రదేశ్ చేశారు. ఆ కలయికకు ముందు ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. సిటీ కాలేజీ ముందు చచ్చిపోయిన పిల్లగాళ్ల భయమే ఆ ఒప్పందంలోని ఉద్యోగ రక్షణల్లోకి ఎక్కింది. కానీ సంతకాలు పెట్టిన పెద్దమనుషుల వరుసలో మన వాడల గొంతు ఎంత? 'స్థానికుడికి ఉద్యోగం' అని రాశారు. ఆ స్థానికుల్లో భూమి, చదువు ఉన్నవాడెవడు, వెట్టి చేసినవాడెవడు అన్న తేడా అక్కడ చర్చకు రాలేదు.

ఇక 1969. మన జిల్లా కథ.

పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో అటెండరు, వాచ్‌మెన్ వంటి చిన్న కొలువులకు కూడా బయటి ప్రాంతం వాళ్లు వస్తున్నారనే కోపం 1968 చివరికల్లా బాగా ముదిరింది. 1969 జనవరిలో ఖమ్మంలో విద్యార్థి నాయకుడు రవీంద్రనాథ్ నిరాహార దీక్షకు కూర్చున్నాడు. అడిగింది ప్రత్యేక రాష్ట్రం కాదు. రాసుకున్న ఒప్పందాన్ని అమలు చేయండి, అంతే. ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి అఖిలపక్షం పెట్టి, జీవో 36 ఇచ్చి, స్థానికేతరులను వెనక్కి పంపుతామన్నాడు. అమలు కాలేదు. జనవరి 24న సదాశివపేటలో కాల్పులు జరిగాయి. అక్కడి నుంచి ఆందోళన ప్రత్యేక రాష్ట్రం వైపు తిరిగింది. మే 1న చార్మినార్ నుంచి రాజ్‌భవన్ వైపు జరిగిన ఊరేగింపు మీద కూడా తూటాలు పేలాయి. కాలేజీలు మూతపడ్డాయి. ఒక విద్యా సంవత్సరమే పోయింది. ఉద్యమకారులు చెప్పే లెక్కలో 369 మంది చనిపోయారు. ప్రభుత్వ లెక్క దానికంటే చాలా తక్కువ. అసెంబ్లీ ఎదురుగా గన్‌పార్క్‌లో ఉన్న స్థూపం వాళ్ల కోసం కట్టిందే.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన చిన్న ఉద్యోగుల ఇళ్ల మీద, చిన్న దుకాణాల మీద దాడులు జరిగాయి. అశ్వారావుపేట వాళ్లకు దీని అర్థం త్వరగా తెలుస్తుంది. మనకు అటు జంగారెడ్డిగూడెం, ఇటు సత్తుపల్లి. సరిహద్దుకు రెండు వైపులా మనకు చుట్టాలున్నారు. నాట్లకు, కోతలకు అటు ఇటు పోయేది మాల మాదిగల ఇళ్లవాళ్లే. ఎకరాల కొద్దీ భూమి కొన్నోడిని వదిలేసి, రెండు గదుల్లో అద్దెకుండే గుమాస్తా ఇంటి మీద రాయి పడినప్పుడు, ఆ రాయి దారి తప్పినట్టే.

ఆ ఉద్యమంలో మన నాయకులు లేరా అంటే, ఉన్నారు. పారిశుధ్య పని చేసే మెహతర్ కులంలో పుట్టి, మంత్రిగా, డిప్యూటీ స్పీకర్‌గా పనిచేసిన టి.ఎన్. సదాలక్ష్మి ముందు వరుసలో ఉన్నారు. ఎల్లారెడ్డి ఎమ్మెల్యే, రిపబ్లికన్ పార్టీ నాయకురాలు జె. ఈశ్వరీబాయి ఉన్నారు. అంతకు ముందు ఏడాదే, 1968 ఫిబ్రవరిలో, కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుడిని స్తంభానికి కట్టి సజీవంగా తగలబెడితే అసెంబ్లీలో నిలదీసింది ఈశ్వరీబాయే. స్కూలు పుస్తకాల్లో 1969 అనగానే ఎవరి ఫోటో వస్తుందో, ఎవరి ఫోటో రాదో మీరే చూసుకోండి. సదాలక్ష్మి బతుకు కథను గోగు శ్యామల 'నేనే బలాన్ని' పేరుతో పుస్తకంగా తెచ్చేదాకా మనలో చాలామందికి ఆమె సంగతి తెలియదు.

మరి లాభపడిందెవరు? ఎన్నికల కేసులో కేంద్ర మంత్రి పదవి పోగొట్టుకుని ఖాళీగా ఉన్న మర్రి చెన్నారెడ్డి తెలంగాణ ప్రజా సమితికి నాయకుడయ్యాడు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 సీట్లలో 10 సీట్లు ఆ పార్టీకి వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో పార్టీని తీసుకెళ్లి కాంగ్రెస్‌లో కలిపేశారు. బ్రహ్మానందరెడ్డి దిగిపోయాడు, పీవీ నరసింహారావు ఎక్కాడు. తర్వాత చెన్నారెడ్డి గవర్నర్ అయ్యాడు. 1978లో, ఏ రాష్ట్రం నుంచి విడిపోవాలన్నాడో అదే ఆంధ్రప్రదేశ్‌కు ముఖ్యమంత్రి అయ్యాడు.

ఇక్కడ చరిత్ర వేసిన మెలిక చూడండి. ఆయన గద్దెనెక్కిన నెలలోపే, 1978 మార్చి చివర, నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేశారు. అడగడానికి వచ్చిన భర్త అహ్మద్ హుస్సేన్‌ను కొట్టారు. అతను రిక్షా తొక్కి బతికేవాడు. చనిపోయాడు. జనం శవాన్ని స్టేషన్ ముందుకు తెచ్చారు. స్టేషన్ మీద దాడి జరిగింది, పోలీసులు కాల్పులు జరిపారు, నగరం మంటల్లో పడింది, కర్ఫ్యూ పెట్టారు. తొమ్మిదేళ్ల కింద పోలీసు తూటాలను తిట్టిన నాయకుడి పాలనలోనే మళ్లీ తూటాలు పేలాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించి పోలీసులదే తప్పని తేల్చింది. కానీ కేసు కర్ణాటకలోని రాయచూరుకు పోయింది, అక్కడ కోర్టు పోలీసులను వదిలేసింది. ఆమె నడవడిక మీద బురద చల్లడమే వాళ్ల వాదన.

అయితే ఆ కథ అక్కడ ఆగలేదు. హైదరాబాదు ఆడవాళ్లు స్త్రీ శక్తి సంఘటనగా కూడారు. మహారాష్ట్రలో ఆదివాసీ బాలిక మథుర కేసు, ఇక్కడ రమీజాబీ కేసు, రెండింటినీ పట్టుకుని దేశమంతా మహిళా సంఘాలు ఏళ్ల తరబడి వదలకుండా అడిగాయి. 1983లో అత్యాచార చట్టం మారింది. పోలీసు కస్టడీలో జరిగే అత్యాచారం వేరే నేరమైంది. అలాంటి కేసుల్లో ఆమె ఒప్పుకోలేదని చెప్తే కోర్టు దాన్ని నమ్మి మొదలుపెట్టాలన్న నియమం వచ్చింది. నగరం కాలింది కొద్ది రోజులు. చట్టం మారడానికి పట్టింది ఐదేళ్లు. ఆ ఐదేళ్లు మంటలు లేవు. మీటింగులు, కరపత్రాలు, లాయర్లు, కాగితాలు ఉన్నాయి.

1990 డిసెంబర్‌కు రండి. మళ్లీ చెన్నారెడ్డే ముఖ్యమంత్రి. అయోధ్య రథయాత్ర వేడి దేశమంతా ఉంది. హైదరాబాదు పాతబస్తీలో కత్తిపోట్లతో మొదలైన మారణకాండలో వందమందికి పైగా చనిపోయారు. ముఖ్యమంత్రిని దించడానికి సొంత పార్టీ ముఠాలే ఎగదోశాయన్న ఆరోపణ అప్పటి నుంచి ఇప్పటిదాకా ఉంది. ఆరోపణ సంగతి ఎలా ఉన్నా, జరిగింది మాత్రం ఇది: ఆ నెలలోనే చెన్నారెడ్డి దిగిపోయాడు, నేదురుమల్లి జనార్దనరెడ్డి ఎక్కాడు. కర్ఫ్యూ అంటే బంగళా వాళ్లకు సెలవు. బండి మీద పండ్లు అమ్ముకునేవాడికి, అడ్డా కూలీకి, గాజులు చేసే ఇంటికి పస్తు. హిందువుల పేరుతో కత్తి పట్టించింది కూడా ఎక్కువగా బహుజన కులాల పిల్లల చేతికే. కేసులు వాళ్ల మీదే. పొడిచినోడు పేదోడే, చచ్చినోడు పేదోడే, ప్రమాణ స్వీకారం చేసినోడు మాత్రం వేరే.

కొత్త ముఖ్యమంత్రి వచ్చి ఎనిమిది నెలలైనా నిండలేదు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను వెంటాడి నరికి, గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. రాజధానిలో కుర్చీ మారితే వాడలో ఏం మారిందన్న ప్రశ్నకు చుండూరే జవాబు.

2000 ఆగస్టు 28 కూడా మర్చిపోవద్దు. కరెంటు చార్జీల పెంపు మీద వామపక్షాలు, కాంగ్రెస్ చలో అసెంబ్లీ పెట్టాయి. బషీర్‌బాగ్‌లో గుర్రాలు, నీటి గొట్టాలు, చివరికి తూటాలు. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి చనిపోయారు. నాలుగేళ్లకు ప్రభుత్వం మారింది, రైతులకు ఉచిత కరెంటు వచ్చింది. బోరు ఉన్నోడికి ఉచిత కరెంటు. భూమే లేనోడికి ఏం ఉచితం? ఆ ప్రశ్న అడిగిన భూపోరాటానికి 2007 జులై 28న మన ఖమ్మం జిల్లా ముదిగొండలో జవాబు దొరికింది. అక్కడ 7 మంది కాల్పుల్లో చనిపోయారు. బషీర్‌బాగ్ కాల్పులను తిట్టి గెలిచిన ప్రభుత్వమే ముదిగొండలో కాల్చింది. పార్టీ మారితే తుపాకీ మారదు.

తర్వాత 2009 నుంచి 2014. నవంబర్ 29న ఎల్.బి. నగర్‌లో ఒంటికి నిప్పంటించుకున్న శ్రీకాంతాచారి డిసెంబర్ 3న చనిపోయాడు. ఉస్మానియాలో లాఠీలు విరిగాయి. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజు ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు పడ్డాయి. ఈసారి రాష్ట్రం వచ్చింది. ఇది అబద్ధమని ఎవరూ అనలేరు. కానీ తొలి ముఖ్యమంత్రి దళితుడే అన్న మాట ఏమైందో, దళిత కుటుంబానికి మూడెకరాలన్న మాట ఎంతమందికి నిజమైందో మన ఊళ్లలో తిరిగితే చాలు. లెక్క మళ్లీ అదే.

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. రోడ్డు వేడెక్కకపోతే ప్రభుత్వం వింటుందా? నిజాయితీగా చెప్తున్నా, చాలాసార్లు వినదు. 1952 లేకపోతే పెద్దమనుషుల ఒప్పందంలో రక్షణలు ఉండేవి కావేమో. 1969, దాని వెనకే ఆంధ్రలో జై ఆంధ్ర ఉద్యమం లేకపోతే 1973 ఆరు సూత్రాల పథకం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చేవి కావేమో. కానీ గమనించండి. ఆ ఉత్తర్వులను కూడా ఉల్లంఘించారని 1985లో జీవో 610 ఇవ్వాల్సి వచ్చింది. దాన్ని అమలు చేయండని మళ్లీ పాతికేళ్లు అడగాల్సి వచ్చింది. పాల్వంచ గేటు ముందు 1969లో అడిగిన చిన్న కొలువు ప్రశ్న 45 ఏళ్లు నడిచింది. మంట ప్రభుత్వాన్ని టేబుల్ దగ్గరికి తెస్తుంది, అంతవరకే. టేబుల్ మీద కాగితం ఎవరు రాస్తారో లాభం వాళ్లది. మనం ఇప్పటిదాకా మంట దగ్గర ముందున్నాం, కాగితం దగ్గర లేము. సమస్య అక్కడుంది.

మనవాళ్లు కాగితం పట్టుకున్న సందర్భం కూడా ఉంది. 1985 జులై 17, కారంచేడు. తుర్రేబాజ్ ఖాన్ రెసిడెన్సీ మీదకు పోయిన తేదీ అదే, సరిగ్గా 128 ఏళ్లకు. ఆరుగురు మాదిగలను చంపారు. మిగిలినవాళ్లు ఊరు విడిచి చీరాల చేరి శిబిరం వేశారు. ప్రతీకారంగా ఏ ఇల్లూ తగలబెట్టలేదు. పనికి పోవడం మానేశారు, ఊరికి తిరిగి రామన్నారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివాళ్లతో దళిత మహాసభ పుట్టింది. తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవిని వదిలేసి బాధితుల వైపు నిలబడ్డారు. దేశంలో ఇలాంటి ఘటనలన్నీ కలిసి 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి దారి తీశాయి. కారంచేడు కేసులో శిక్షలు సుప్రీంకోర్టులో ఖరారయ్యేసరికి 2008 వచ్చింది. చుండూరు బాధితులు తమ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోగలిగారు. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు కొట్టేసింది. అంటే ఈ దారి కూడా పూలదారి కాదు. కానీ ఈ దారిలో మనకు మిగిలిన చట్టం దేశంలో ఏ మూల దళితుడైనా, ఆదివాసీ అయినా వాడుకోగలిగేది. బస్సు తగలబెడితే వచ్చిన ముఖ్యమంత్రి ఎవరికీ అలా మిగల్లేదు.

2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాక హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పిల్లలు చేసిందీ ఇదే వరుసలోది. హాస్టల్ నుంచి గెంటేసిన ఐదుగురు పడుకున్న చోటికి 'వెలివాడ' అని పేరు పెట్టి, ఆ పేరుతో దేశం ముందు నిలబడ్డారు. మార్చి 22న పోలీసులు కొట్టి 25 మంది విద్యార్థులను, ఇద్దరు అధ్యాపకులను జైలుకు పంపారు. దెబ్బలు తిన్నది వాళ్లు. కానీ మాట వాళ్లదే నిలబడింది. వాళ్ల తరఫున కుర్చీ కోసం బేరం ఆడే పెద్దమనిషి ఎవడూ మధ్యలో లేడు.

బాబాసాహెబ్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో చెప్పింది మనకు గుర్తుండాలి. రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు నెత్తుటి దారులు వదిలేయాలన్నాడు. దీన్ని పట్టుకుని పాలకులు మనకు శాంతి పాఠాలు చెప్తారు. అదే ప్రసంగంలో ఆయన ఇంకో హెచ్చరిక కూడా చేశాడు. రాజకీయాల్లో సమానత్వం ఇచ్చి బతుకులో అసమానత్వం ఉంచితే, ఆ అసమానత్వం అనుభవించేవాళ్లు ఈ ప్రజాస్వామ్య కట్టడాన్నే పేల్చేస్తారన్నాడు. రెండో మాట చెప్పకుండా మొదటి మాటే చెప్పేవాడిని నమ్మొద్దు. 1927లో మహద్‌లో చెరువు నీళ్లు తాగినందుకు మనవాళ్లను కొట్టినప్పుడు, తిరిగి కొట్టగలిగినంత మంది చుట్టూ ఉన్నా ఆయన ఆపాడు. భయపడి కాదు. దెబ్బకు దెబ్బ కొట్టి ఉంటే మహద్ ఒక కొట్లాటగా మిగిలేది. ఆగి కోర్టులో పోరాడినందుకు అది హక్కుగా మిగిలింది.

కాబట్టి కోచింగ్‌కని, చదువుకని పట్నం పోయే మన పిల్లలకు నేను చెప్పేది 'రోడ్డెక్కొద్దు' అని కాదు. ఎక్కండి. ఎక్కేముందు పిలిచినోడిని అడగండి. డిమాండ్ల కాగితం ఏదీ? అందులో మన వాడ మాట ఏ లైనులో ఉంది? చర్చలకు పోయే బృందంలో మనోళ్లు ఎంతమంది? పిలిచిన నాయకుడి కొడుకు ఏ వరుసలో నిలబడతాడు? కేసయితే లాయరెవరు, బెయిలుకు జామీను ఎవరు? వీటికి జవాబు లేకుండా రాయి అందించేవాడు మన భుజం అరువు అడుగుతున్నాడని అర్థం. ఒక్క ఎఫ్ఐఆర్‌లో పేరెక్కితే కానిస్టేబుల్ కొలువు వెరిఫికేషన్ దగ్గర ఆగిపోతుంది. ఆ కొలువు కోసం మీ అమ్మ ఎన్ని మిరప తోటల్లో వంగిందో నాకంటే మీకే తెలుసు.

రెండో పని రాసిపెట్టుకోవడం. ఎవరు పడ్డారు, ఏ ఊరు, ఏ కులం, ఏ పోలీస్ స్టేషన్, పోస్ట్‌మార్టం ఎక్కడ, కమిషన్ ఏం చెప్పింది, ప్రభుత్వం ఏం చేసింది. గన్‌పార్క్ స్థూపం దగ్గర ప్రతి నాయకుడూ దండ వేస్తాడు. ఆ 369 మందిలో మన జిల్లా వాళ్లెవరు, మన వాడల వాళ్లెవరు అని మనం రాసుకోకపోతే ఇంకెవరూ రాయరు. పెద్దోళ్లు కొందరు ఇంకా బతికే ఉన్నారు. పాల్వంచలో, కొత్తగూడెంలో, ఖమ్మంలో 1969 నాటి పిల్లలకు ఇప్పుడు డెబ్బై ఐదు దాటింది. ఈ సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్కో ముసలాయన దగ్గర, ఒక్కో ముసలామె దగ్గర ఫోన్ రికార్డర్ పెట్టి కూర్చోండి. పేర్లు, ఊర్లు నాకు పంపండి.

వచ్చే భాగంలో అడవి అంచుకు వస్తాను. 1970లో వచ్చిన 1/70 చట్టం ఎవరి పోరాటం వల్ల వచ్చింది, ఏజెన్సీలో ఆదివాసీకి, దళితుడికి మధ్య భూమి తగాదా పెట్టి లాభపడుతున్నదెవరు అన్నది మాట్లాడుకుందాం.

జై భీమ్.